గడువు తీరలేదు, మ్యాక్ అడ్రస్ మారింది: పాత పోస్టాఫీసు దగ్గరి ఒక మెయిల్ బ్యాకప్ కేసు

గురువారం సాయంత్రం 4.30కి ఫోన్ వచ్చింది. విశాఖ వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర ఒక కస్టమ్స్ క్లియరింగ్ కంపెనీ ఉంది. వాళ్ల సర్వర్ల పని ఏడేళ్లుగా నేనే చూస్తున్నాను. ఫోన్ చేసింది అక్కడి సిస్టమ్స్ కుర్రాడు.

"అన్నా, బ్యాకప్ లైసెన్స్ అయిపోయింది. మేడం నిన్ననే డబ్బులు కట్టేశారు, కొత్త ఫైల్ కూడా వచ్చింది. అయినా ఎక్కట్లేదు. ఏటి చేద్దాం?"

లైసెన్స్ సంగతి తర్వాత, ముందు మెయిల్ సర్వర్ లాగ్ ఫైళ్లుండే ఎల్ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడమన్నాను.

"8 జీబీ అన్నా."

మొత్తం డ్రైవే 50 జీబీ. లోపల ఫైళ్లెన్ని ఉన్నాయో చెప్పమంటే కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "42 వేల చిల్లర" అన్నాడు. నేను బండి తాళాలు తీసుకున్నాను.

ఆ కంగారు ఎందుకో చెప్పాలి. వాళ్ల మెయిల్ నడిచేది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్ఛేంజ్ సర్వర్ మీద. అందులో మెయిల్ వచ్చినా పోయినా ముందు లాగ్ ఫైల్‌లో రాసుకుంటుంది, తర్వాతే డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. ఒక్కో లాగ్ ఫైల్ సరిగ్గా 1 ఎంబీ. ఫుల్ బ్యాకప్ సక్సెస్ అయితేనే పాత లాగ్‌లను అదే తుడిచేస్తుంది. బ్యాకప్ ఆగిందంటే తుడవడం కూడా ఆగినట్టే. వీళ్లకు రోజుకు 8 నుంచి 10 జీబీ లాగ్‌లు పుడతాయి, ఎందుకంటే ఇక్కడ మెయిల్ అంటే రెండు ముక్కల ఉత్తరం కాదు. స్కాన్ చేసిన బిల్ ఆఫ్ లేడింగ్‌లు, ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, అన్నీ అటాచ్‌మెంట్లే. ఆ లెక్కన శుక్రవారం సాయంత్రానికి ఎల్ డ్రైవ్ నిండిపోతుంది. నిండితే డేటాబేస్ దానంతటదే డిస్‌మౌంట్ అవుతుంది, ఆఫీసు మొత్తానికి మెయిల్ ఉండదు. షిప్పింగ్ లైన్ నుంచి డెలివరీ ఆర్డర్ రాకపోతే కంటైనర్ కదలదు. ఛార్జీ లేని ఫ్రీ డేస్ దాటితే రోజువారీ ఛార్జీలు పడతాయి. బ్యాకప్ లైసెన్స్ కథ అక్కడికి వెళ్తోందని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

జగదాంబ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చేరేసరికి 5.30 అయింది.

స్క్రీన్ మీద ఎర్రటి పట్టీలో ఒకే వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే: లైసెన్స్ చెల్లదు లేదా గడువు ముగిసింది. సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఇలాంటి మెసేజ్‌లు చాలా వాటిలో చూశాను. ఆ 'లేదా' దగ్గరే వీళ్లకు నాలుగు రోజులు పోయాయి. సోమవారం పొద్దున కుర్రాడు ఫెయిల్ అయిన జాబ్ చూసి ఈ వాక్యం అకౌంట్స్ మేడంకి ఫార్వర్డ్ చేశాడు. ఆవిడ చదివింది రెండో సగం. రీసెల్లర్‌ని కొటేషన్ అడిగారు, మంగళవారం అప్రూవల్, బుధవారం డబ్బు, బుధవారం సాయంత్రం కొత్త ఫైల్. లైసెన్స్ అన్న మాట ఎక్కడ వినపడినా అందరికీ ముందు డబ్బే గుర్తొస్తుంది. రీసెల్లర్‌కి కూడా అదే గుర్తొచ్చింది, ఆయన వ్యాపారం ఆయనది. సాఫ్ట్‌వేర్‌లో అబౌట్ పేజీ తెరిస్తే మెయింటెనెన్స్ వచ్చే మార్చి 31 వరకు ఉందని రాసుంది. అప్పటికి ఇంకా తొమ్మిది నెలలు.

"నేనూ చూశానన్నా," అన్నాడు కుర్రాడు. "కానీ మేడం, ఎలాగూ కట్టాల్సిందే కదా, కట్టేద్దాం అన్నారు."

ఎర్రర్ వెనక్కి వెళ్లే ముందు లాగ్‌ల సంగతి తేల్చాలి. దారిలో ఉండగా రీసెల్లర్ తరఫు సపోర్ట్ మనిషి ఫోన్‌లో ఒక సలహా ఇచ్చాడు: సర్క్యులర్ లాగింగ్ (బ్యాకప్ కోసం ఆగకుండానే పాత లాగ్‌లను తుడిచేసే సెట్టింగ్) ఆన్ చేయండి, పది నిమిషాల్లో డిస్క్ ఖాళీ అవుతుంది. నిజమే, అవుతుంది. కానీ చివరి మంచి బ్యాకప్ శనివారం రాత్రిది. ఆ తర్వాత ఐదు రోజుల మెయిల్‌ను తిరిగి కట్టడానికి ఆధారం ఆ 42 వేల ఫైళ్లే. సర్క్యులర్ లాగింగ్ పెట్టిన మరుక్షణం ఆ ఆధారం పోతుంది. అదే రాత్రి డేటాబేస్ డిస్క్‌కి ఏమైనా అయితే శనివారానికి వెళ్లి నిలబడతాం. లాగ్‌లను చేత్తో డిలీట్ చేయడం అంతకన్నా ఘోరం, ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి బతికాం.

అందుకే విండోస్‌తో పాటే వచ్చే సర్వర్ బ్యాకప్ ఫీచర్ వేశాను. దానికి విడిగా లైసెన్స్ అక్కర్లేదు. ఎక్స్ఛేంజ్ ఉన్న మిషన్‌లోనే దాన్ని పెట్టి, డేటాబేస్ ఉన్న డి, లాగ్‌లు ఉన్న ఎల్ వాల్యూమ్‌లను ఎంచుకుని, వీఎస్ఎస్ ఫుల్ అన్న ఆప్షన్‌తో (వీఎస్ఎస్ అంటే నడుస్తున్న డేటాను ఆపకుండా కాపీ తీసే విండోస్ ఏర్పాటు) తీస్తే ఎక్స్ఛేంజ్ దాన్ని అసలైన ఫుల్ బ్యాకప్‌గానే లెక్కేసి పాత లాగ్‌లు తుడుస్తుంది. వీఎస్ఎస్ ఫుల్ బదులు వీఎస్ఎస్ కాపీ ఎంచుకుంటే బ్యాకప్ వస్తుంది గానీ ఒక్క లాగ్ కూడా కదలదు. ఆ పొరపాటు పదేళ్ల కిందట నేనే చేశాను. మొదలుపెట్టే ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో వీఎస్ఎస్ రైటర్ల, అంటే బ్యాకప్‌కి డేటాను సిద్ధం చేసే భాగాల, లిస్ట్ చూశాం. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ రైటర్ స్టేబుల్ అని ఉంది, ఎర్రర్ లేదు. అంటే ఎక్స్ఛేంజ్ వైపు బాగానే ఉంది, గొడవంతా బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనే.

ఒక చిన్న అడ్డు తగిలింది. కుర్రాడు 2 టీబీ యూఎస్‌బీ డిస్క్ తెచ్చి పెట్టాడు, అది మెయిల్ సర్వర్‌లో కనపడలేదు. మెయిల్ సర్వర్ విడి పెట్టె కాదు, హోస్ట్ అనే అసలు మిషన్‌లో మైక్రోసాఫ్ట్ హైపర్-వీ సాఫ్ట్‌వేర్ నడిపే వర్చువల్ మిషన్. హోస్ట్‌కి గుచ్చిన యూఎస్‌బీ డిస్క్ లోపలి మిషన్‌కి తనంతట తాను కనపడదు. హోస్ట్ మీదే ఆ డిస్క్‌ను షేర్ చేసి, నెట్‌వర్క్ పాత్ ఇచ్చాం. 6.15కి మొదలైంది. డేటాబేస్ 310 జీబీ, కాబట్టి రెండు గంటల పైమాటే. ఇప్పుడు తీరిగ్గా ఎర్రర్ వైపు చూడొచ్చు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద చెప్పని మాటలన్నీ తన లాగ్ ఫైల్‌లో రాసుకుంటుంది. సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్ మామూలుగా దాగి ఉంటుంది, దాని కింద ఆ సాఫ్ట్‌వేర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో లాగ్‌లు ఉంటాయి. ఆదివారం రాత్రి 11 గంటల దగ్గరికి స్క్రోల్ చేస్తే దొరికింది. హోస్ట్ ఐడీ సరిపోలలేదు. కింద రెండు వరుసలు, ఉండాల్సింది ఒకటి, కనపడింది ఒకటి:

00-15-5డీ-0ఏ-14-07
00-15-5డీ-0ఏ-1ఎఫ్-00

ఇవి మ్యాక్ అడ్రస్‌లు. లైసెన్స్ ఇచ్చినప్పుడు సర్వర్ నెట్‌వర్క్ కార్డ్ నంబర్‌ను ఫైల్‌లో ముడివేశారు. ఆ నంబర్ ఇప్పుడు మారింది. ఎవరు మార్చారు?

ఈ నంబర్లు చదవడం వస్తే అవే చెప్తాయి. మొదటి మూడు జతలు, 00-15-5డీ, హైపర్-వీ వాడే గుర్తు. తర్వాతి రెండు జతలు హోస్ట్ మిషన్ ఐపీలోని చివరి రెండు సంఖ్యలు, హెక్స్‌లో, అంటే పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో రాసినవి. 0ఏ అంటే 10. 14 అంటే 20. పాత హోస్ట్ ఐపీ 192.168.10.20. కింది వరుసలో 1ఎఫ్ అంటే 31. కొత్త హోస్ట్ ఐపీ 192.168.10.31. హైపర్-వీ పెట్టినప్పుడు ప్రతి హోస్ట్ తన ఐపీని బట్టి ఇలా మ్యాక్ నంబర్ల కట్ట ఒకటి తయారు చేసుకుంటుంది, డైనమిక్ అని వదిలేసిన వర్చువల్ మిషన్లకు అందులోంచి పంచుతుంది. కుర్రాడికి కాగితం మీద రాసి చూపిస్తే, "అంటే ఇల్లు మారితే డోర్ నంబర్ మారినట్టా?" అన్నాడు. సరిగ్గా అంతే.

ఇల్లు మార్చింది నేనే. మూడు వారాల కిందట.

ఆ ఆఫీసు కిటికీ తెరిస్తే హార్బర్ కనిపిస్తుంది. చూడ్డానికి బావుంటుంది గానీ ఉప్పు గాలికి ఇనుము బతకదు. పాత హోస్ట్‌లో ఒక ఫ్యాన్ తుప్పుపట్టి ఆగిపోయింది, రామ్ స్లాట్ల దగ్గర పచ్చటి పొర కట్టింది. కొత్త మిషన్ కొనిపించి, మెయిల్ సర్వర్‌ను ఆపకుండానే లైవ్ మైగ్రేషన్‌లో మార్చాను. ఒక్క మెయిల్ కూడా ఆగలేదని ఆ రోజు గర్వపడ్డాను. నడుస్తున్న మిషన్‌ను మార్చినప్పుడు పాత మ్యాక్‌నే వెంట తెచ్చుకుంటుంది, అందుకే మూడు వారాలు బ్యాకప్ హాయిగా నడిచింది. మొన్న ఆదివారం ఆ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పని కోసం ఐదు గంటలు కరెంట్ తీశారు. యూపీఎస్ అంతసేపు ఆగదు కనుక కుర్రాడు పద్ధతిగా అన్నీ షట్‌డౌన్ చేసి, సాయంత్రం ఆన్ చేశాడు. అతని తప్పేం లేదు. పూర్తిగా ఆగి లేచేటప్పుడు హైపర్-వీ కొత్త హోస్ట్ కట్టలోంచి కొత్త నంబర్ ఇచ్చింది. విండోస్‌కి తేడా తెలియలేదు, ఐపీ మారలేదు, మెయిల్ మామూలుగానే నడిచింది. తేడా పట్టుకుంది బ్యాకప్ లైసెన్స్ ఒక్కటే.

సోమవారం పొద్దున "ఏమైనా మార్చారా?" అని అడిగి ఉంటే ఆ కుర్రాడు ఏమీ మార్చలేదనే అనేవాడు, అది నిజం కూడా. ఇలాంటి కేసుల్లో ఆ ప్రశ్న కన్నా "ఈ మిషన్ చివరిసారి పూర్తిగా ఎప్పుడు ఆగింది?" అన్నది ఎక్కువ పనికొస్తుందని నాకిప్పుడు అనిపిస్తోంది.

మరి డబ్బు కట్టి తెచ్చిన కొత్త ఫైల్ ఎందుకు ఎక్కలేదు? దానికి రెండు కారణాలు. రీసెల్లర్ దగ్గర ఉన్నది పాత హోస్ట్ ఐడీయే, కొత్త ఫైల్‌ను దానికే ముడివేసి పంపారు. కాబట్టి ఎన్నిసార్లు కట్టినా అది ఎక్కేది కాదు. రెండోది నేను ఊహించనిది. లాగ్‌లో ఆ ఫైల్ గురించి "సంతకం సరిపోలలేదు" అని ఉంది. మెయిల్‌లో వచ్చిన అసలు అటాచ్‌మెంట్‌ను, సర్వర్ మీదున్న ఫైల్‌ను పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా.

"ఇందులో మార్చావా?"

"కంపెనీ పేరులో ఒక ఎస్ తక్కువుందన్నా. నోట్‌ప్యాడ్‌లో సరిచేశాను. అందుకే ఎక్కట్లేదేమో అనుకున్నా."

నవ్వాపుకోలేకపోయాను. లైసెన్స్ ఫైల్‌కి చివర డిజిటల్ సంతకం ఉంటుంది, లోపల ఒక్క అక్షరం కదిలినా అది చెల్లదు. స్పెల్లింగ్ తప్పుంటే తప్పుతోనే ఎక్కించాలి, సరిచేయాల్సింది ఇచ్చినవాళ్లే. చూడ్డానికి తెరిచినా సేవ్ నొక్కకూడదు.

8.40కి విండోస్ బ్యాకప్ పూర్తయింది. ఈవెంట్ వ్యూయర్‌లో ఎక్స్ఛేంజ్ డేటాబేస్ ఇంజిన్ రాసే ఈఎస్ఈ 224 మెసేజ్ ఉంది, లాగ్ ఫైళ్లను తొలగిస్తున్నాను అని. ఎల్ డ్రైవ్ తెరిచి ఎఫ్5 కొడుతుంటే 42 వేలు కాస్తా కొన్ని వందలకు దిగింది. అప్పుడే మొదటిసారి టీ తాగాను.

మ్యాక్‌ను వెనక్కి తేవడం ఐదు నిమిషాల పని, కానీ దానికి వర్చువల్ మిషన్‌ను ఆపాలి. డాక్యుమెంటేషన్ సెక్షన్ వాళ్లు ఒక అరైవల్ నోటీసు కోసం చూస్తున్నారు, 9 దాటాక ఆపమన్నారు. 9.10కి ఆపి, నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్‌లో డైనమిక్ తీసేసి స్టాటిక్ పెట్టి, పాత నంబర్‌ను అక్షరం అక్షరం కొట్టాం. ఇలా చేసే ముందు ఆ నంబర్ ఇంకెవరూ వాడట్లేదని తేల్చుకోవాలి. పాత హోస్ట్ ఇంకా నడుస్తుంటే అదే నంబర్‌ను మరో మిషన్‌కి పంచే ప్రమాదం ఉంది, ఒకే నెట్‌వర్క్‌లో ఒకే మ్యాక్‌తో ఇద్దరుంటే ఇద్దరికీ కనెక్షన్ నిలబడదు. మా పాత హోస్ట్ స్టోర్ రూమ్‌లో మూలన పడుంది, కరెంట్ వైరు కూడా లేదు. ఇది లైసెన్స్‌ను మోసం చేయడం కాదా అని ఎవరైనా అడగొచ్చు. కొన్నది ఒక మెయిల్ సర్వర్‌కి, నడుస్తున్నది అదే మెయిల్ సర్వర్ మీద. అయినా తయారీ కంపెనీ సపోర్ట్‌కి జరిగింది జరిగినట్టు మెయిల్ పెట్టాను. శనివారం వాళ్లు అభ్యంతరం లేదని రాశారు, ఈసారి హోస్ట్ మార్చే ముందు పోర్టల్‌లో రీహోస్ట్ (లైసెన్స్‌ను కొత్త హోస్ట్‌కి మార్చే) రిక్వెస్ట్ పెట్టమన్నారు.

సర్వర్ లేచింది, మెయిల్ వచ్చింది. మెయిల్‌లోని అసలు ఫైల్‌ను ఎక్కించాం. హోస్ట్ ఐడీ ఎర్రర్ పోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది: మెయిల్‌బాక్స్‌ల సంఖ్య పరిమితి దాటింది, 104/100.

కుర్రాడి ముఖం చూడాలి.

ఆఫీసులో మనుషులు 79. మిగతా 25 ఎవరు? ఇంపోర్ట్స్, డాక్స్ లాంటి షేర్డ్ మెయిల్‌బాక్స్‌లు 14, మీటింగ్ రూములవి 3, ఉద్యోగం మానేసినవాళ్లవి 8. మానేసినవాళ్ల లాగిన్ ఆపేశారు, మెయిల్‌బాక్స్ మాత్రం తీయలేదు. మనిషి వెళ్లిపోయినా లైసెన్స్ లెక్కలో కుర్చీ ఖాళీ కాదు. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదంటే, ఈ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఎక్కించినప్పుడే తలలు లెక్కపెడుతుంది, రోజూ లెక్కపెట్టదు. మొదట ఎక్కించిన నాటికి 92 ఉన్నాయట.

మానేసినవాళ్ల మెయిల్ ఊరికే తీసేయలేం. కస్టమ్స్ వాళ్లు పాత సరుకు గురించి ఎప్పుడైనా అడుగుతారు. పీఎస్‌టీ ఫైళ్లుగా (అవుట్‌లుక్‌లో తెరవగలిగే మెయిల్ ఫైళ్లు) బయటికి తీసి, ఆ తర్వాత మెయిల్‌బాక్స్‌ను డిసేబుల్ చేయాలి. డిసేబుల్ చేసినా ఎక్స్ఛేంజ్ మామూలుగా 30 రోజులు దాచి ఉంచుతుంది కాబట్టి పొరపాటు జరిగినా వెనక్కి తేవచ్చు. ఎక్స్‌పోర్ట్ కమాండ్ కొడితే అలాంటి కమాండే లేదంది. మెయిల్‌బాక్స్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ అనే రోల్ అడ్మినిస్ట్రేటర్‌కి కూడా మామూలుగా ఉండదు, విడిగా ఇచ్చుకోవాలి, ఇచ్చాక కమాండ్లు కొట్టే షెల్ మూసి మళ్లీ తెరవాలి. తెరిచి కొడితే పాత్ తప్పంది, ఎందుకంటే డ్రైవ్ అక్షరం ఒప్పుకోదు, నెట్‌వర్క్ షేర్ పాతే కావాలి. షేర్ ఇస్తే పర్మిషన్ లేదంది. ఎక్స్ఛేంజ్ ట్రస్టెడ్ సబ్‌సిస్టమ్ అనే గ్రూప్‌కి ఆ షేర్ మీద రాసే హక్కు ఇస్తే అప్పుడు కదిలింది. ఈ మూడు మెట్లూ నాకు తెలిసినవే, అయినా ప్రతిసారీ ఒక్కొక్కటిగా తట్టుకునే ఎక్కుతాను. 40 నిమిషాలు అక్కడే పోయాయి.

అర్ధరాత్రికి ఐదు మెయిల్‌బాక్స్‌లు బయటికి వచ్చాయి. ఐదింటినీ డిసేబుల్ చేస్తే 99. లైసెన్స్ ఎక్కింది. ఎర్ర పట్టీ పోయింది. 12.20కి జాబ్ మొదలుపెట్టి, కుర్రాడిని ఇంటికి పంపించి, 3.40కి అయ్యేదాకా నేను కుర్చీలోనే కునుకు తీశాను. పచ్చ టిక్కు చూసి లేచిపోలేదు. బుధవారం వచ్చిన ఒక డెలివరీ ఆర్డర్ మెయిల్‌ను బ్యాకప్‌లోంచి వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, అటాచ్‌మెంట్ తెరిచి, కంటైనర్ నంబర్ కనపడ్డాకే లేచాను.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆ ఆఫీసుకి హుద్‌హుద్ గుర్తుంది. 2014 అక్టోబర్ 12న ఆ గాలికి కిటికీ అద్దాలు పగిలి సర్వర్ గదిలోకి వాన కొట్టిందట. మెయిల్ ఒక్క చోటే ఉండేది, అదీ తడిసింది. అప్పటి నుంచి వారానికో డిస్క్ విజయనగరం బ్రాంచికి వెళ్తుంది. ఈ నాలుగు రోజులూ బ్యాకప్ లేదని ఓనర్‌గారికి చెప్పాల్సి వచ్చింది శుక్రవారం పొద్దున. ఆయన కేకలేయలేదు. "డబ్బు కట్టాం కదా అని నేనూ ఊరుకున్నానండి," అన్నారు. కట్టిన డబ్బు వృథా కాలేదు, రీసెల్లర్ దాన్ని వచ్చే మార్చి తర్వాతి ఏడాదికి కలిపారు, మేడం గట్టిగా రెండుసార్లు ఫోన్ చేశాక.

ఇది ఎక్స్ఛేంజ్ 2019 నాటి కేసు, మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసిన 2025 అక్టోబర్ 14కి ముందుది. వాళ్లు ఇప్పుడు వేరే ఏర్పాటు గురించి ఆలోచిస్తున్నారు. కొత్త హోస్ట్ మీదున్న మిగతా మూడు వర్చువల్ మిషన్లకూ ఆ శుక్రవారమే మ్యాక్‌లు స్టాటిక్ చేసేశాను. ఎల్ డ్రైవ్‌లో ఖాళీ 25 జీబీకి తగ్గితే నాకు ఎస్ఎమ్ఎస్ వచ్చేలా పెట్టాను. మెయిల్ ఆగిపోయాక మెయిల్‌లో వచ్చే అలర్ట్ ఎవరికీ చేరదు కదా.

సోమవారం 10 గంటలకు కుర్రాడు మళ్లీ ఫోన్ చేశాడు. బ్యాకప్ మూడు రాత్రులూ సక్సెస్ అట. "ఇంకో మాటన్నా. ట్రైనీలు ఇద్దరు చేరారు. మెయిల్ ఐడీలు ఇచ్చేయమంటున్నారు, ఇచ్చేయనా?"

99కి రెండు కలిపితే 101. పాతవాళ్లలో ఇంకా ముగ్గురి పీఎస్‌టీలు తీయాలి, ముందు ఆ పని చూడమన్నాను.